పొట్ట మీద దారి పెట్టిన బిడ్డ

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను మొదట అడిగేది వాసన సంగతి. "ఎట్టా ఓర్చుకున్నావు అవ్వా?" అంటారు. వాసనకు ముక్కు తొందరగానే లొంగిపోతుంది. దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. లొంగనిది ఇంకొకటి ఉంది, దాన్ని గురించి మీకు ఎవరూ చెప్పరు. మీరు నెలల తరబడి కడిగి, తుడిచి, నిలబెట్టిన బిడ్డ మీ బిడ్డ కాదు. పేరు డాక్టరుది, బిడ్డ తల్లిది. మీకు మిగిలేది ఖాళీ ఒడి. అప్పుడు లోపల ఒక మంట లేస్తుంది. ఆ మంట లేని మనిషి మంచిదని లోకం అంటుంది. నేను మాత్రం ఆ మనిషి బిడ్డను సరిగా చూసుకోలేదంటాను.

నేను నెల్లూరులో ఒక మిషను ఆసుపత్రిలో, పసిపిల్లల వార్డులో పనిచేశాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటిన రోజులవి. ఊడ్చే మనిషిగా చేరాను, ఆయానయ్యాను, తర్వాత కట్లు కట్టే పనీ పేగు కడిగే పనీ నా చేతికి వచ్చాయి. ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో రాయను, అది చదివి ఎవరూ బాగుపడరు.

అక్షరాలు

మాది ముత్తుకూరు పక్క పల్లె. ఉప్పు మడుల్లో పనిచేసి బతికిన వాళ్లం. ఆసుపత్రికి వచ్చేనాటికి నాకు సంతకం కూడా రాదు. వార్డులో లీలమ్మ సిస్టరు అని ఒక నర్సు ఉండేది. నాకంటే చిన్నది. పెద్ద డాక్టరు శామ్యూలు గారు వచ్చినప్పుడు మంచానికి తగిలించిన చార్టు తీసి తెలుగులో గడగడా చదివి వినిపించేది. బిడ్డ ఎప్పుడు ఏడ్చాడో, ఎందుకు ఏడ్చాడో, పాలు మింగాడో ఉమ్మాడో నాకు తెలుసు. ఆయన కళ్లు మాత్రం చార్టు చదివే నోటి మీదే ఉండేవి. నేను మంచానికి అవతల బేసిను పట్టుకుని నిలబడేదాన్ని.

నన్ను బడికి తోలడానికి ఆ కడుపుమంట చాలింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బైబిలు చెప్పే ఒకావిడ పిల్లలకు పలకల మీద దిద్దించేది. ముప్పై దాటిన మనిషిని వాళ్ల మధ్య కూర్చున్నాను. నా 'అ' చూసి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు. దేవుని వాక్యం చదువుకోవడానికి నేర్చుకున్నానని సంఘంలో అందరికీ చెప్పాను. అది అబద్ధం. లీలమ్మ సిస్టరు చేతిలోని చార్టు చదవడానికి నేర్చుకున్నాను. తెలుగు అంతా వచ్చేశాక ఒకరోజు ఎవరూ లేని సమయంలో చార్టు తీసి చూస్తే అది ఇంగ్లీషులో ఉంది. మళ్లీ పలక కొనుక్కున్నాను.

తమలపాకు కాడ

పసిబిడ్డకు విరేచనం కాకపోతే మన వైపు పెద్దవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. తమలపాకు కాడను ఆముదంలో ముంచి కింద పెడతారు. మామూలు బిడ్డకు అది పనిచేస్తుంది. నేను చెప్పబోయే రోగం ఉన్న బిడ్డకు కూడా పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. కాడ పెట్టగానే బుస్సుమని గాలీ మలమూ బయటికి తన్నుకొస్తాయి. పొట్ట తగ్గుతుంది. అవ్వ చేతి చలవ అంటారు. మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ కాడ. అట్లా పొట్ట కుండలా అయ్యాక, దాని మీద వాతలు కూడా పెట్టించాక, అప్పుడు మా దగ్గరికి మోసుకొచ్చేవాళ్లు.

పేగు చివరి భాగంలో పుట్టుకతోనే నరాల కణాలు ఉండవట. ఆ ముక్క మలాన్ని ముందుకు తోయలేదు, బిగుసుకుని ఉంటుంది. దాని పైన ఉన్న మంచి పేగు పాపం తోసీ తోసీ ఉబ్బిపోతుంది. మందుకు తగ్గదు, కోయాల్సిందే. ఆ రోజుల్లో మూడు కోతలు. మొదటి కోతలో పొట్ట మీద దారి చేసి పేగును బయటికి తెచ్చి కుడతారు. బిడ్డ అందులోంచే విరేచనం చేసుకుంటూ ఒళ్లు పట్టాలి. ఒళ్లు పట్టాక రెండో కోత. పనికిరాని ముక్కను తీసేసి, మంచి పేగును కిందికి లాగి కుడతారు. అది మానాక మూడో కోతలో పొట్ట మీది దారి మూసేస్తారు.

కత్తి పట్టుకునేది ఎంతసేపు? కోతకూ కోతకూ మధ్య నెలలున్నాయి, అవి మావి. పొట్ట మీద ఎప్పుడూ తడి. తడికి చర్మం పుండవుతుంది. పుండైతే బిడ్డ పాలు తాగడు, తాగకపోతే ఒళ్లు చేయడు, ఒళ్లు చేయకపోతే రెండో కోత లేదు. రెండో కోత లేకపోతే బిడ్డ లేడు.

కడగడం ఇంకో పని. బయటికి తెచ్చిన పేగుకు రెండు నోళ్లుంటాయి. పై నోట్లోంచి మలం వస్తుంది. కింది నోటి లోపల పాత మలం గట్టిపడి ఉండిపోతుంది. సన్నటి రబ్బరు గొట్టంతో గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసి, గొట్టం కిందికి వంచి తిరిగి తీస్తూ, దాన్ని కొంచెం కొంచెంగా కరిగించాలి. పోసిన నీళ్లన్నీ తిరిగి రావు. ఉబ్బిన పేగు కొంత తాగేస్తుంది. కొలత ప్రకారం ఉప్పు వేసిన నీళ్లయితే ఫరవాలేదు. ఉత్త నీళ్లయితే బిడ్డ ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. మత్తు వస్తుంది, తర్వాత మూర్ఛ.

ఇది మేము ఒక బిడ్డను పోగొట్టుకుని నేర్చుకున్నాం. చిట్టమూరు వైపు నుంచి వచ్చిన ఆడబిడ్డ. శామ్యూలు గారికి ముందున్న డాక్టరు "శుభ్రమైన నీళ్లతో కడగండమ్మా" అన్నారు. మరిగించి చల్లార్చిన నీళ్లు, అద్దంలా ఉన్నాయి, వాటితో కడిగాం. బిడ్డ ఏడుపు మానేసి నిద్రపోతే ఎంత సంతోషించామో. ఆ నిద్రలోంచి లేవలేదు. ఆ పాత డాక్టరు చాలా మంచివారు, ఆయాలను కూడా 'మీరు' అనేవారు. శామ్యూలు గారు గాడిదలారా అనకుండా వార్డులోకి అడుగుపెట్టేవారు కాదు. వచ్చిన వెంటనే ఉప్పు కొలత గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. వాళ్లిద్దరిలో ఎవరి కింద పనిచేస్తావంటే తిట్టే ఆయన కిందే అంటాను.

దూదేకులవాళ్ల అమ్మాయి

మస్తాన్‌బీ గూడూరు నుంచి వచ్చింది. దూదేకులవాళ్లు, దూది ఏకి పరుపులు కుట్టడం వృత్తి. తొలి కాన్పు, నెలల బిడ్డ, పేరు హుస్సేను. పొట్ట మీద వాతల మచ్చలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. శామ్యూలు గారు కింద వేలు పెట్టి పరీక్ష చేసి తీయగానే బుస్సుమని మలం చిమ్మి ఆయన కోటు ముందు భాగమంతా తడిసిపోయింది. "అనుకున్న రోగమే!" అంటుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన సంతోషాలు అట్లాంటివి.

మొదటి కోత అయ్యాక మస్తాన్‌బీ బిడ్డ దగ్గరికి వచ్చేది కాదు. "పేగు చూస్తే కళ్లు తిరుగుతుండాయక్కా" అని గోడకు ఆనుకుని కూర్చునేది. పాలివ్వడానికి మాత్రం కళ్లు మూసుకుని తీసుకునేది. మిగతాదంతా నేనే. వాడు నేను ఎటు తిరిగితే అటు కళ్లు తిప్పేవాడు. నా గాజుల చప్పుడుకు కాళ్లు కొట్టుకునేవాడు. నాకు అది బాగుండేది. తల్లి అంత దూరాన కూర్చోవడం ఇంకా బాగుండేది.

అయితే చర్మం నా మాట వినలేదు. దూది మార్చిన కొద్దీ పొట్ట ఎర్రబడింది, పొక్కింది, చిట్లింది. వాడు పాలు తగ్గించాడు. బరువు చూసి శామ్యూలు గారు మండిపడ్డారు. "ఇట్లా చిక్కిపోతే రెండో ఆపరేషను ఎక్కడ చేసేది మార్తమ్మా, నీ తలకాయ మీదా?"

ఆ రోజు నేను కట్టు మారుస్తుంటే మస్తాన్‌బీ గోడ దగ్గరి నుంచే అడిగింది.

"అక్కా, నీ దూది తడి తాగుతుండాదే?"

"తాగేదానికే గదా మే, దూది పెట్టేది!"

"తాగి యాడికి పోతాది? వాడి తోలు మీదనే కూచుంటాది. మా దూది తాగదు."

"దూదిలో మీ దూదీ మా దూదీ అని ఉంటాయా?"

ఆమె లేచి వచ్చింది. పరుపులోంచి లాగిన కొంచెం దూది తెచ్చి నా బేసిను నీళ్లలో వేసింది. తేలింది. నొక్కింది, మళ్లీ తేలింది. ఆసుపత్రి దూది వేసింది, మునిగింది. "మీది ఉడకబెట్టిన దూది గదక్కా. పచ్చి దూదికి జిడ్డుంటాది, నీళ్లను దగ్గరికి రానీదు" అంది.

సాయంత్రానికి పాత మల్లు గుడ్డలో పచ్చి దూది గట్టిగా కూరి చిన్న చుట్టకుదురు కుట్టింది. బిందె కింద నెత్తిన పెట్టుకుంటామే, అదే, గాజంత. పేగు చుట్టూ దాన్ని అమర్చి, మధ్యలో మాత్రం ఆసుపత్రి దూది పెట్టి, పైన వెడల్పు గుడ్డతో నడుము చుట్టూ కట్టింది. మధ్య దూది తాగుతుంది, చుట్టకుదురు గట్టులా అడ్డం నిలుస్తుంది. తడి చర్మం మీదికి పారదు. కట్టేటప్పుడు ఆమె కళ్లు తిరగలేదు. కుట్టుపని చేసేవాళ్లకు చేతిలో సూది ఉంటే భయం ఉండదేమో.

బిడ్డ పుండు మానాలి. ఈమె చుట్టకుదురుతో మాత్రం మానకూడదు. నా ప్రార్థన అది. దేవుడు మొదటి సగమే విన్నాడు. కొద్ది రోజుల్లో తోలు ఎండింది, వాడు పాలు పట్టాడు.

శామ్యూలు గారు కట్టు విప్పి చూసి, "ఎవరు చేశారిది?" అన్నారు. మస్తాన్‌బీ నా వెనకాల దాక్కుంది. నేనే చేశానన్నా కాదనదు. లీలమ్మ సిస్టరు నా వైపు చూస్తోంది. "వాళ్లమ్మ సార్" అన్నాను. పంటి కింద రాయి ఉమ్మినట్టు ఉమ్మాను ఆ మాటను.

"ఇకమీదట వార్డులో అందరికీ ఇదే కట్టు. మస్తాన్‌బీ కట్టు" అన్నారాయన. అదే పేరు నిలిచింది. ఎన్నేళ్లుగానో నేను కట్టిన కట్లకు ఎవరూ పేరు పెట్టలేదు.

తర్వాత ఆయనే అన్నారు, వార్డులో తట్టు పొంగిన పిల్లలు చేరుతున్నారు, వీణ్ణి ఇంటికి పంపుదాం, ఒళ్లు పట్టాక తెస్తారని. "ఇంటికి పోతే చచ్చిపోతాడు సార్" అన్నాను. "అయితే చావకుండా ఆమెకు నేర్పించు గాడిదా" అన్నారు. నేర్పించాను. గొట్టం ఎట్లా పట్టాలి, ఎంత లోపలికి పెట్టాలి, ఉప్పు చెంచా ఎట్లా తలకొట్టి కొలవాలి, ఏ లోటూ లేకుండా నేర్పించాను. ఆమె చెప్పింది చెప్పినట్టే చేస్తుంటే ఇంకా ఒళ్లు మండింది. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. లోపల ఎంత కాలినా సరే, చేతికి ఆ సెగ తగలనివ్వకూడదు.

మంచినీళ్లు

వాడు వెళ్లిపోయాక వార్డు నిండా పిల్లలున్నా నాకు వార్డు ఖాళీగానే ఉంది. ఒక ఆదివారం చర్చి మానేసి గూడూరు రైలెక్కాను. చూసి రావడానికని ఇంట్లో చెప్పాను. తప్పు పట్టడానికి వెళ్లాను. కట్టు మురికిగా ఉంటుందని, పొట్ట పొక్కి ఉంటుందని, 'చూశారా సార్' అని వాణ్ణి వెనక్కి తెచ్చుకోవచ్చని దారి పొడుగునా అనుకుంటూ కూర్చున్నాను.

నిమ్మకాయల బండ్ల మధ్య నుంచి దారి అడుగుతూ వెళ్లి, దూదేకే వింటి చప్పుడు విని ఇల్లు పట్టుకున్నాను. మస్తాన్‌బీ వాకిట్లో పరుపు కుడుతోంది. నన్ను చూసి సూది పళ్ల మధ్య పట్టుకునే లేచింది.

"మార్తక్కా! చెప్పకుండా వచ్చినావే! వాడు లోపల మా అత్త కాడ పడుకోనుండాడు. రా, ఎంత లావైనాడో చూద్దువు!"

లావయ్యాడు. బుగ్గలు వచ్చాయి. చుట్టకుదురు తెల్లగా ఉంది, చర్మం పట్టులా ఉంది. పట్టడానికి ఒక్క తప్పూ లేదు. గాజులు ఆడించాను. కదల్లేదు. మరిచిపోయాడు నన్ను అనుకున్నాను. నిజంగా మొదట అదే అనుకున్నాను. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. చేయి వదిలితే తడిగుడ్డలా పడింది. పొట్ట బిగుసుకుని ఉంది.

"ఎప్పటి నుంచి పడుకొని ఉండాడు?" అన్నాను.

"పొద్దన్నించీ" అంది అత్త ఖాదర్‌బీ. "రెండు తూర్లు కక్కినాడు. ఎండకేలే."

"కడిగింది ఎవరు?"

"నేనే. కోడలికి పెండ్లివోళ్ల పరుపులు ఉండాయి గదా, నిన్నట్నించీ నేనే కడగతుండా. సూసి నేర్చుకున్నాలే."

"ఉప్పు ఎంత వేసినావు పెద్దమ్మా?"

ఆమె నవ్వింది. "పచ్చి పేగు మీద ఉప్పేస్తారా ఎవురైనా? మా బాయి నీళ్లే ఉప్పు కషాయం, గొడ్లు గూడా తాగవు. నా మనవడికి ఆ కర్మేంది? స్టేషను కుళాయి కాడ పడిగాపులు పడి మంచినీళ్లు తెప్పించినా. మేం గూడా తాగలా, అన్నీ వాడికే."

ఉప్పునీటి బావుల ఊళ్లలో పుట్టిన వాళ్లకు ఆ మాట ఎంత ముద్దుగా ఉంటుందో నాకు తెలుసు. మా పల్లెలో కొత్త అల్లుడికి కూడా మంచినీళ్లు చెంబుతో కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ ముసలమ్మ ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే మేలైనది తెచ్చి మనవడికి పోసింది. చిట్టమూరు బిడ్డ కళ్ల ముందు కనపడింది నాకు.

గొట్టం పెట్టి, వాణ్ణి పక్కకు తిప్పి, లోపల మిగిలిన నీళ్లు వచ్చినంతవరకు కిందికి లాగాను. గుడ్డలో చుట్టి స్టేషనుకు పరుగెత్తాం. మస్తాన్‌బీ నోట్లోంచి సూది తీయడం కూడా మరిచిపోయింది, నేనే తీసి నా రవికెకు గుచ్చుకున్నాను.

రైల్లో వాడికి మూర్ఛ వచ్చింది. పెట్టెలో వాళ్లంతా మీదికి వంగారు. ఒక పెద్దాయన చెంబు ముందుకు చాచాడు. "దప్పిక్కి సొమ్మసిల్లినాడమ్మా, గుక్కెడు నీళ్లు పొయ్యండి."

"నీళ్లు వొద్దు!" అని చెంబు తోసేశాను. ఆయన పంచె తడిసింది.

"ఇదేం ఆడమనిషిరా, సచ్చే బిడ్డకు నీళ్లొద్దంటుండాది!" అన్నారెవరో.

మస్తాన్‌బీ నా మోచేయి పట్టుకుని, "బతుకుతాడా అక్కా?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. తెలియనప్పుడు తెలియదనండి. తల్లులకు ఒక్క అబద్ధం చెబితే తర్వాత మన నిజం కూడా నమ్మరు.

శామ్యూలు గారు సంగతి వినగానే చిక్కటి ఉప్పు ద్రావణం నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తర్వాతి రైలుకు వచ్చిన ఖాదర్‌బీ మెట్ల మీద కూలబడి, "నా సేత్తోనే సంపుకున్నానే" అని నెత్తి కొట్టుకుంటోంది. ఆయన బయటికి వచ్చారు. తిడతారనుకున్నాను. ఆమె ముందుకు వంగి, "లే అమ్మా, టీ తాగు" అని లోపలికి వెళ్లిపోయారు. తిట్టాల్సిన చోట ఆ మనిషి తిట్టకపోవడం నేను చూసింది అప్పుడే.

తర్వాత నన్ను అడిగారు. "నువ్వు గూడూరు ఎందుకు పోయినావు? ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు సార్."

ఏది పంపిందో నాకు తెలుసు. నేను మంచి మనిషినైతే ఆ ఆదివారం చర్చికి వెళ్లి, ఆ బిడ్డ కోసం ప్రార్థన చేసి, ఇంటికి వచ్చి అన్నం తినేదాన్ని. అందుకే ఈర్ష్య పాపమని ఎవరైనా ప్రసంగం చేస్తుంటే నేను తల ఊపను.

మర్నాడు వాడు కళ్లు తెరిచాడు. అటూ ఇటూ చూసి తల్లి కొంగు పట్టుకున్నాడు. నేను మంచానికి ఇవతలే ఉన్నాను.

దారి మూసిన తర్వాత

ఆ తర్వాత వాణ్ణి ఇంటికి పంపలేదు. వార్డు చివరి గదిలో తల్లీ నేనూ వంతులవారీగా పెంచాం. వంతుల దగ్గర పోట్లాడుకున్నాం కూడా. రెండో కోత చాలాసేపు పట్టింది, నిలబడ్డాడు. పేగు అతుకు మానాక మూడో కోతలో పొట్ట మీది దారి మూసేశారు.

ఇక మిగిలింది ఒక్కటే. పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డ తనంతట తాను కింద నుంచి విరేచనం చేసి ఎరగడు. అది అయితే అన్ని కోతలకూ ఫలితం ఉన్నట్టు. కాకపోతే మళ్లీ మొదటికి. వార్డంతా దానికోసమే చూస్తోంది. శామ్యూలు గారు దారినపోతూ తల లోపలికి పెట్టి "అయిందా?" అనేవారు. లీలమ్మ సిస్టరు ఇంటికి పోయేముందు వచ్చి "అయిందా?" అనేది. ఖాదర్‌బీ మస్తానయ్య దర్గాకు మొక్కుకుంది. నేను వాణ్ణి ఒళ్లోంచి దించలేదు. అన్నానికి కూడా లేవలేదు.

పక్క గదిలో ఒక బిడ్డ కట్టు ఊడిపోయిందని కేక వేస్తే వాణ్ణి తల్లికిచ్చి లేచాను. మస్తాన్‌బీ కట్టే, అది కట్టడం నాకంటే బాగా వచ్చినవాళ్లు అప్పుడు ఆయాల్లో లేరు. కడుతుండగా ఇవతల గోల లేచింది. పరుగెత్తుకొచ్చేసరికి గది నిండా జనం. శామ్యూలు గారు గుడ్డలోకి వంగి బంగారం చూసినట్టు చూస్తున్నారు. లీలమ్మ సిస్టరు కళ్లు తుడుచుకుంటోంది. గుడ్డ తీయబోయిన ఆయా చేతిని మస్తాన్‌బీ పట్టుకుని ఆపేసింది.

"మా అక్క సూసేదాకా ఎవురూ తాకొద్దు. అక్కా, రా! అయిందక్కా!"

చూశాను. పసుపుపచ్చగా, మెత్తగా, ఏ తల్లికైనా దండం పెట్టాలనిపించేంత చక్కటి విరేచనం. అది ఆమె ఒళ్లో అయింది.

ఆమె నా ముఖం చూసింది. "ఏందక్కా, మొగం అట్టా పెట్టినావు? రెండోది నీదేలే" అని వాణ్ణి తుడిచి నా ఒళ్లో పడేసింది. అందరూ నవ్వారు. నేను కదలకుండా కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. వాడు హాయిగా నిద్రపోయాడు. సాయంత్రం పాలకని తల్లి తీసుకుంది. తీసుకున్న కాసేపటికే రెండోది కూడా ఆమె ఒళ్లోనే.

ఆ గుడ్డ ఉతకడానికి మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు.